మొక్కల రంగు దారం చేసేవాళ్లకి ఒక బహిరంగ లేఖ: రీలు మీద ఇంకో రెండు లైన్లు రాయండి

ఆర్గానిక్ పత్తి దారానికి మొక్కల రంగులు అద్ది, రీళ్లు చుట్టి అమ్మేవాళ్లందరికీ నమస్తే.

మీలో ఏ ఒక్కరి మీదో కంప్లైంట్ రాయట్లేదు, పేర్లు పెట్టి రచ్చ చేసే ఉద్దేశం అసలే లేదు. కొన్నేళ్లుగా మీ దారాలతో కుడుతున్న మనిషిని, కొంత మిషన్ మీద, కొంత చేత్తో. ఎవరి దారం కొన్నా నాకు తగిలే ఇబ్బంది ఒకటే, అందుకే అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నా. కాస్త పొడుగే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొన్న ఒక చొక్కా జేబు ఊడితే మళ్లీ కుడదామని పాత కుట్టు విప్పా. ఏడాదిన్నర కింద నేనే కుట్టింది, మీలో ఒకరి పసుప్పచ్చ దారంతో. పోగు బయటికి లాగి చూస్తే ఒక్క పోగు మీదే రెండు రంగులున్నాయి. రెండున్నర మిల్లీమీటర్లు ఎండుగడ్డి రంగు, ఆ తర్వాత చిన్న ముక్క నిగనిగలాడే పసుపు, మళ్లీ ఎండుగడ్డి, మళ్లీ పసుపు, గీత చుక్క గీత చుక్క అన్నట్టు పొడుగునా అదే వరస. సూదితో పాటు బట్ట లోపలికి దిగిన ముక్క కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది, పైన కనపడే ముక్క ఎండకి వెలిసిపోయింది. నిజం చెప్పాలంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కాసేపు కిటికీ దగ్గర పట్టుకుని చూస్తూ కూర్చున్నా. కానీ ఆ చొక్కా నాది కాదు, వేరేవాళ్లకి కుట్టిచ్చింది, ఈ దారం రంగు ఉంటుందా అని వాళ్లడిగితే ఉంటుంది అని మాటిచ్చింది నేను. ఏ ధైర్యంతో ఇచ్చానో ఇప్పుడు తల్చుకుంటే నాకే సిగ్గుగా ఉంది, ఎందుకంటే రీలు మీద ఉన్నవి నాలుగే మాటలు: ఆర్గానిక్, సహజం, మొక్కల రంగు, కెమికల్ ఫ్రీ. ఈ నాలుగింట్లో ఏ ఒక్కదాన్ని బట్టీ ఆ రంగు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం.

నేనడిగేది అంత పెద్ద విషయం కాదు. ఏ మొక్క రంగు, ఏ మోర్డెంట్ (రంగు పోగుని పట్టుకునేలా చేసే మందు) పెట్టారు, ఎండకి ఎంత ఆగుతుంది, సబ్బుకి ఎంత ఆగుతుంది, ఏ కౌంటు నూలు (అంటే నూలు ఎంత సన్నమో చెప్పే నంబరు), ఎన్ని పేటలు, ఏ లాటు (అంటే ఒకేసారి అద్దిన ఏ విడత). ఇవి రాయండి చాలు. మీ రంగు వెలిసిపోతుందని రాసినా నేను కొంటాను, రాయకపోతేనే కొనాలంటే భయంగా ఉంది.

ముందు అసలు ఈ దారమే ఎందుకు కొంటున్నానో చెప్తా, లేకపోతే అంత ఇబ్బందైతే పాలిస్టర్ దారం కొనుక్కోవచ్చుగా అంటారు. ఒకసారి పాత నూలు బట్టలు కొన్ని చింపి కంపోస్టు గుంటలో వేశా. కొన్ని నెలల తర్వాత తవ్వితే బట్ట ఎక్కడా లేదు, మట్టిలో కలిసిపోయింది, కానీ కుట్లు మాత్రం అట్లాగే ఉన్నాయి, మెడ పట్టీ చుట్టూ తిరిగిన కుట్టు ఆ వంపులోనే ఉంది, చెయ్యి దోపి లాగితే చేప ముల్లులాగా గొలుసుగా బయటికొచ్చింది. అది పాలిస్టర్ దారం. ఇంకోసారి కుట్టేసిన తెల్ల నూలు బట్టని నీలిమందులో ముంచా, బట్టంతా నీలం అయింది, కుట్లు మాత్రం తెల్లగా, ఎవరో చాక్‌పీసుతో గీసినట్టు మిగిలిపోయాయి. నూలు బట్టకి నూలు దారమే కావాలి అనేది నాకు అప్పుడే ఎక్కింది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉన్న చొక్కా లోపల కూడా కుట్టు దారం పాలిస్టరే అయ్యుండొచ్చు. గాట్స్ అనే గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్ ఉంది కదా, అందులో ఆర్గానిక్ అని రాయాలంటే 95 శాతం, ఆర్గానిక్‌తో చేసింది అని రాయాలంటే 70 శాతం సర్టిఫైడ్ ఆర్గానిక్ పీచు ఉండాలి, కానీ ఆ లెక్కలోకి గుండీలు, జిప్పులు, కుట్టు దారం రావు. అవి విడిగా యాక్సెసరీల కింద పోతాయి. అందుకని ఆర్గానిక్ బట్టకి ఆర్గానిక్ దారమే వెయ్యాలనుకునే నాలాంటివాళ్లకి మీరే దిక్కు.

ఇక ఆ నాలుగు మాటల దగ్గరికొద్దాం.

ఆర్గానిక్ అనేది పొలం సంగతి. జన్యుమార్పిడి చెయ్యని విత్తనం వేశారు, సింథటిక్ ఎరువులు పురుగుమందులు కొట్టలేదు, సర్టిఫికెట్ రావడానికి ముందు ఆ నేలని రెండు మూడేళ్లు మార్పు దశలో ఉంచారు, అంతవరకే. జిన్నింగ్ మిల్లు దాటాక ఆ నూలుని ఎలా ఉడకబెట్టారు, ఎలా తెల్లగా చేశారు, ఏ రంగులో ముంచారు అనేది వేరే కథ. మొక్కల రంగు అనే మాట ఆ రంగు సంగతి చెప్తుంది, పత్తి సంగతి చెప్పదు. గాట్స్ లాంటి సర్టిఫికెట్ మిల్లు నుంచి అద్దకం దాకా మొత్తం దారికీ ఉంటే రెండూ వస్తాయి, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న మొక్కల నుంచి తీసిన రంగు వాడకూడదనే రూలు కూడా అందులో ఉంది. కానీ మీలో కొందరు సర్టిఫైడ్ నూలు కొని రంగు మాత్రం మీ సొంత పెరట్లో అద్దుకుంటున్నారు. అది తప్పని నేననను, నాకు అలాంటి దారమే ఎక్కువ ఇష్టం కూడా. కాకపోతే నూలుకొచ్చిన సర్టిఫికెట్ గుర్తుని రంగు పక్కన అచ్చేస్తే కొనేవాళ్లకి ఏం అర్థమవుతుందో మీకూ తెలుసు.

కెమికల్ ఫ్రీ అనే మాటైతే దయచేసి తీసెయ్యండి. పటిక కెమికల్ కాదా? ఉన్నికి, పట్టుకి రంగు అంటుకున్నంత తేలిగ్గా పత్తికి అంటుకోదని నాకంటే మీకే బాగా తెలుసు. నూలుని ముందు సోడాతో బాగా ఉడికించి జిడ్డు, మైనం వదలగొట్టాలి, తర్వాత కరక్కాయ లాంటి వగరు పదార్థంలో నానబెట్టాలి, ఆ పైన పటికలోనో అల్యూమినియం అసిటేట్‌లోనో ముంచాలి, అప్పటిగ్గానీ మంజిష్ఠ వేరు ఎరుపు పోగుని పట్టుకోదు. ఇంత కష్టపడి చేసి చివరికి ఏమీ కలపలేదు అన్నట్టు రాసుకోవడం ఎందుకో నాకు నిజంగా అర్థం కాదు. పటిక వాడాం అని రాస్తే తక్కువైపోతారా? లొద్దుగ జాతి చెట్ల ఆకులు మట్టిలోంచి అల్యూమినియం పోగేసుకుంటాయి, పటిక బదులు ఆ ఆకులు వాడేవాళ్లు కూడా ఉన్నారు, మీరు అది వాడితే అదే రాయండి, ఇంకా గొప్పగా ఉంటుంది. మోర్డెంట్ ఏమీ పెట్టకుండా బీట్‌రూట్ రసంలోనో మందార పూల రసంలోనో ముంచి తీసింది అయితే దాన్ని రంగు అనకూడదు, మరక అనాలి, నాలుగు ఉతుకులకి పోతుంది.

మందారమంటే గుర్తొచ్చింది, ఎరుపు రంగు లక్కదో కొచినీల్‌దో అయితే అవి పురుగుల నుంచి వచ్చేవి, మొక్కల రంగు కింద రాయకండి. పురుగుల సరుకు వాడకూడదని నియమం పెట్టుకున్నవాళ్లు కొంటారు, వాళ్లకి తెలియాలి.

నీలం దగ్గర వేరే తంటా. నీలిమందు నీళ్లలో కరగదు, దాన్ని తొట్టిలో ఆక్సిజన్ లేకుండా చేసి కరిగే రూపంలోకి మారిస్తేనే పోగుకి పడుతుంది, బయటికి తీసి గాలి తగిలితే ఆకుపచ్చ కాస్తా నీలంగా తిరిగి అక్కడే గడ్డకట్టుకుంటుంది. మోర్డెంట్ అక్కర్లేదు, బాగుంది. కానీ ఆ నీలం పోగు లోపలిదాకా పోదు, పై అంచుల్లోనే ఆగిపోతుంది, పైగా గట్టిగా పురి తిప్పిన మూడు పేటల కుట్టు దారమైతే ఇంకా తక్కువ దిగుతుంది. జీన్స్ వెలిసే కొద్దీ తెల్లబడేది దీనివల్లే కదా. బట్టకి అదొక అందం. దారానికొచ్చేసరికి ఏమవుతుందో మీరెప్పుడైనా మిషన్ పక్కన కూర్చుని చూశారా? మిషన్ కుట్టులో పై దారం ఒక కుట్టుకి కావాల్సినంతే కిందికి పోయి ఊరుకోదు, ప్రతి కుట్టుకీ బెత్తెడు కిందికి పోయి మళ్లీ పైకి వస్తుంది, అందుకని దారంలో ఏ ముక్క తీసుకున్నా బట్టలో స్థిరపడేలోపు సూది బెజ్జంలోంచి కొన్ని డజన్ల సార్లు అటూ ఇటూ రాసుకుంటుంది. టెన్షన్ డిస్కుల మధ్య రాపిడి దానికి అదనం. మీ నీలం దారంతో ఒక పొడుగు కుట్టు వేసి మిషన్ ఆపి చూస్తే సూది బెజ్జం చుట్టూ నీలం పొడి, బాబిన్ కేసు కింద నీలం రంగు దూది నుసి, ఆ తర్వాత తెల్ల దారం ఎక్కించి తెల్ల బట్ట పెడితే మొదటి జానెడు కుట్టు మీద మరకలు. ఇది తెలిశాక ఇప్పుడు నీలం దారం వాడిన ప్రతిసారీ సూది మారుస్తున్నా, షటిల్ విప్పి బ్రష్షుతో తుడుస్తున్నా. రాపిడికి రంగు వదులుతుంది, తెల్లబట్ట మీద వాడేముందు చూసుకోండి అని ఒక్క లైను రీలు మీద ఉండుంటే మొదటిసారే చేసేదాన్ని. ఇంకోటి, తొట్టిలో ఏం వేసి తయారు చేశారో కూడా రాయండి, సోడియం హైడ్రోసల్ఫైటా, పండ్ల చక్కెరా సున్నమా, లేకపోతే పులియబెట్టిన తొట్టా. పైగా ఇండిగో అని రాసినంత మాత్రాన అది మొక్కది అని అర్థం కాదు, జర్మనీలో బీఏఎస్ఎఫ్ వాళ్లు 1897లో ఫ్యాక్టరీ ఇండిగో అమ్మకానికి పెట్టారు, అందులోని రంగు అణువూ ఆకులోంచి వచ్చే రంగు అణువూ ఒకటే. అందుకే ఆకుదా ఫ్యాక్టరీదా అనేది రంగు చూసి నేను కనిపెట్టలేను, మీరే చెప్పాలి.

ఇప్పుడు నలుపు. ఈ ఉత్తరం రాయడానికి నిజానికి కారణం ఈ నలుపే.

మీలో ఒకరి దగ్గర నల్ల రీలు కొన్నా, చాలా మంచి నలుపు, కాస్త ఊదా జీర ఉన్న నలుపు. దాంతో ఒక కోటు మొదలుపెడితే మిషన్ మీద ప్రతి నాలుగు వేళ్ల పొడుక్కీ తెగుతుంది. టెన్షన్ తగ్గించా, సూది పెద్దది వేశా, స్పీడు తగ్గించా, మిషన్ పాడైందేమో అని ఆయిల్ కూడా వేశా. చివరికి రీలు లోంచి మూరెడు దారం తీసి రెండు చేతులతో లాగితే గట్టిగా గుంజాల్సిన పని కూడా లేకుండా మెత్తగా తెగిపోయింది, చివర కుచ్చులా విడిపోలేదు, పొట్టిగా విరిగినట్టు తెగింది. అదే కంపెనీ అదే సైజు రంగు వెయ్యని దారం తీసుకుని లాగితే వేలు కోసుకునేంత గట్టిగా ఉంది.

అద్దకం చేసేవాళ్లకి ఇది ఎందుకో వెంటనే తడుతుంది. మొక్కల రంగుల్లో నలుపు సాధారణంగా వచ్చేది వగరు, ఇనుము కలిస్తేనే. కరక్కాయో మాచికాయో దానిమ్మ తొక్కో, దాని మీద అన్నభేది అనే ఇనుప లవణం. పాతకాలంలో రాసుకునే నల్ల సిరా కూడా ఇదే వంటకం, అందుకే కొన్ని పాత రాతప్రతుల్లో అక్షరాలున్న చోట కాగితం తినేసినట్టు చిల్లులు పడి ఉంటుంది. మ్యూజియంలలో ఉన్న పాత బట్టల్లోనూ అంతే, మిగతా రంగులు గట్టిగానే ఉంటాయి, నలుపు గీతలున్న చోట బట్ట పొడిపొడిగా రాలిపోతుంది. అన్నభేదిలోంచి వచ్చే ఆమ్లం పత్తి పీచులోని సెల్యులోజ్ గొలుసుల్ని తెంపుతుంది, ఇనుము ఉన్న చోట గాలిలోని ఆక్సిజన్ కూడా ఆ పని ఇంకా త్వరగా చేస్తుంది. బట్టలో అయితే పక్కన ఇంకో పోగు ఉంటుంది, కాస్త బరువు అది మోస్తుంది. కుట్టులో ఉన్నది ఒక్క పోగే, అది పోతే చంక కింద నుంచి నడుము దాకా విడిపోతుంది. దీన్ని పూర్తిగా ఆపలేరని తెలుసు, కానీ ఇనుము తక్కువ వేసి, అంటే దారం బరువులో రెండు మూడు శాతం దాటకుండా, ఎక్కువసేపు అందులో ఉంచకుండా, బాగా కడిగి, చివర్లో సుద్ద నీళ్లలో జాడిస్తే చాలావరకు తగ్గుతుందని అద్దకం చేసేవాళ్లే చెప్తారు. ముందు నీలిమందులో ముదురుగా ముంచి దాని మీద మంజిష్ఠ, కాచు లాంటివి ఎక్కించి ఇనుము లేకుండానే నలుపుకి దగ్గరగా తెచ్చేవాళ్లూ ఉన్నారు. మీ నలుపు ఏ రకం? రీలు మీద ఉన్నది మాత్రం సహజ నలుపు అనే రెండు మాటలే. ఇనుముతో చేసిన నలుపు అని ఉంటే నేను దాన్ని ఎంబ్రాయిడరీకి వాడుకునేదాన్ని, కోటుకి వాడేదాన్నే కాదు.

పసుపు గురించి మొదట్లోనే చెప్పాను, మళ్లీ ఎందుకు చెప్తున్నానంటే పసుప్పచ్చల్లో ఉన్నంత తేడా ఇంకే రంగులోనూ లేదు. పసుపు కొమ్ము రంగు ఎండకి రోజుల్లో పోతుంది, సబ్బు తగిలితే ఎర్రగా తిరుగుతుంది, అద్దినప్పుడు మాత్రం దానంత మెరుపు దేనికీ రాదు. యూరప్‌లో వెల్డ్ అని ఒక మొక్క ఉంది, దాని పసుపు మొక్కల పసుపుల్లోకెల్లా ఎండకి బాగా ఆగేవాటిలో ఒకటి. బంతి పూలు, ఉల్లి తొక్కలు ఇలాంటివి ఈ రెంటికీ మధ్యలో. రీలు మీద నిమ్మ పసుపు, ఉదయపు ఎండ అని అందమైన పేర్లు పెడుతున్నారు, బాగానే ఉన్నాయి, కింద చిన్న అక్షరాల్లో మొక్క పేరు కూడా పెట్టండి. నేనేదో కొత్త గొంతెమ్మ కోరిక కోరట్లేదు. 17వ శతాబ్దంలో, 14వ లూయీ దగ్గర కోల్‌బెర్ మంత్రిగా ఉన్నప్పుడు ఫ్రాన్స్‌లో అద్దకం వాళ్లని రెండుగా విడగొట్టారు, నిలిచే రంగులు వేసేవాళ్లు ఒకవైపు, నిలవని చవక రంగులు వేసేవాళ్లు ఇంకోవైపు, ఎవరు ఏ మందు వాడొచ్చో రూలు పెట్టి మరీ. అప్పటికి సింథటిక్ రంగు అనేదే లేదు, మొదటిది పెర్కిన్ అనే కుర్రాడి చేతిలో 1856లో పుట్టింది. అంటే కొనేవాళ్లకి ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెప్పాలనే గొడవ అంతా మొక్కలూ పురుగుల రంగులే ఉన్న రోజుల్లోనే నడిచింది. ఇప్పుడు కొలవడానికి స్కేళ్లు కూడా ఉన్నాయి. ఎండకి ఎంత ఆగుతుందో చెప్పడానికి 1 నుంచి 8 దాకా బ్లూ వుల్ స్కేలు, ఉతుక్కీ రాపిడికీ 1 నుంచి 5 దాకా గ్రే స్కేలు, నంబరు ఎంత పెద్దదైతే రంగు అంత గట్టి. రీలు మీద ఎండ 3, ఉతుకు 4 అని రాస్తే చాలు, ఆరు అక్షరాలు కూడా పట్టవు.

ల్యాబ్‌కి పంపే స్తోమత అందరికీ ఉండదు, ఒప్పుకుంటా, ఒక్కరే కూర్చుని నాలుగు కుండలతో రంగులేసే వాళ్లు మీలో చాలామంది. అలాంటప్పుడు నేను చేసేది మీరూ చెయ్యొచ్చు. అట్టముక్క మీద ఒక్కో రంగు దారం పక్కపక్కనే చుట్టి, సగం మీద మందపాటి నల్ల కాగితం కట్టి, ఎండ పడే కిటికీకి తగిలిస్తా, ఆరు వారాల తర్వాత కాగితం తీసి చూస్తా. సబ్బుకి అయితే తెల్ల నూలు బట్ట ముక్క మీద నాలుగు కుట్లు వేసి వేడి నీళ్లలో ఉతుకుతా, పక్క తెల్లదనం మారితే దిగుతున్నట్టే. నా కిటికీ అట్ట మీద మంజిష్ఠ ఎరుపు రెండు సగాలూ దాదాపు ఒకేలా ఉన్నాయి, కాచు గోధుమ రంగు ఎండ తగిలిన సగంలో కొంచెం ముదిరింది కూడా, ఒక పసుపైతే కాగితం తీసేసరికి గీత గీసినట్టు సగం మాయం. ఆ అట్ట ఫొటో తీసి దారంతో పాటు పెట్టి అమ్మినా నాకు చాలు, నంబర్లు కూడా అక్కర్లేదు.

రంగు సంగతి పక్కనపెట్టి దారం దారంగా ఎలా ఉందో కూడా చెప్పాలి కదా. 50 అని ఒక్క నంబరు వేసి వదిలేస్తున్నారు. 50 కౌంటు నూలు రెండు పేటలు వేస్తే దారం దాదాపు 24 టెక్స్, మూడు పేటలు వేస్తే 35 టెక్స్, అంటే వెయ్యి మీటర్లు తూచితే ఒకటి 24 గ్రాములు, ఇంకోటి 35 గ్రాములు. రెండింటి మీదా 50 అనే ఉంటుంది, ఒకటి సన్న బట్టకి, ఇంకోటి కాస్త మందం బట్టకి, సూది సైజు కూడా వేరు. చేత్తో కుట్టేందుకు చేశారా మిషన్‌కా అనేది కూడా రాయరు. చేతి దారానికి గంజో మైనమో పూస్తారు, దాన్ని మిషన్‌లో ఎక్కిస్తే టెన్షన్ డిస్కుల్లో మైనం పేరుకుంటుంది. చివరి పురి ఎటువైపుందో కూడా చూసుకోండి, మామూలు మిషన్‌కి జెడ్ ట్విస్ట్, అంటే పురి గీతలు ఇంగ్లిష్ జెడ్ అక్షరం మధ్య గీతలా వాలి ఉండాలి, లేకపోతే కుట్టేకొద్దీ పురి విడిపోయి పేటలు విడివిడిగా చీలిపోతాయి. చిలపలుగా, అంటే వదులు చుట్టలుగా, అద్దేటప్పుడు చాలా సార్లు ముంచి పిండి దులిపి ఆరేసి మళ్లీ చుడతారు కాబట్టి పురి సడలడం, పీచు లేవడం మీ దారంలో మామూలు కంటే ఎక్కువ, పొడుగు పీచు పత్తి వాడినవాళ్ల దారంలో తక్కువ. ఇదంతా మీ తప్పని అనట్లేదు, తెలిస్తే ఒక సైజు పెద్ద సూది వేసుకుని నెమ్మదిగా కుడతాను, అంతే.

లాటు నంబరు మాత్రం ఎలాగైనా వెయ్యాల్సిందే, దీనికి మాత్రం సాకులు వినను. ఒకే వేరు, ఒకే పటిక అయినా ఒక ఏడు తీసిన వేరు ఇంకో ఏడు వేరులా ఉండదు, నీళ్లలో సున్నం ఎక్కువుంటే మంజిష్ఠ ఎరుపు బాగా తేలుతుంది, ఇనుము ఉంటే మసకబారుతుంది. సగం పని అయ్యాక దారం అయిపోయి ఇంకో రీలు తెప్పిస్తే ఎడమ చెయ్యి ఒక ఎరుపు, కుడి చెయ్యి ఇంకో ఎరుపు. ఒక చొక్కాకి వంద మీటర్లకి అటూ ఇటూ పడుతుంది, మీ రీళ్లు కొన్ని ముప్ఫై మీటర్లే ఉంటున్నాయి, లెక్క మీరే వెయ్యండి. కొన్నవాళ్లు ఒకే లాటులో నాలుగు అడగాలంటే ముందు లాటు అనేది రాసి ఉండాలి కదా.

రంగు మారడమే దీని అందం అండీ, ఫ్యాక్టరీ సరుకులా ఒక్కలాగే ఉండాలంటే ఎలా అని మీలో ఒకరు నాకు సమాధానమిచ్చారు. బట్ట విషయంలో నేనూ అదే అంటాను, మొత్తం బట్ట కలిసి వెలిస్తే దానికో తీరు ఉంటుంది. దారం మాత్రం ఇంకొకరి బట్ట మీద కూర్చుంటుంది. ఆ బట్ట మారదు, దారం మారుతుంది, అప్పుడు కనపడేది అందం కాదు, ప్రతి కుట్టూ లెక్కపెట్టేంత స్పష్టంగా నేను వేసిన వంకర కనపడుతుంది. ఇంకొకరు, ఇవన్నీ రాస్తే మా వంటకం పక్కవాళ్లు ఎత్తుకుపోతారు అన్నారు. ఎన్ని గంటలు ఉడకబెట్టారు, ఎన్ని సార్లు ముంచారు, వేరు ఎక్కడ తెచ్చారు, ఇవేవీ నేను అడగట్లేదు. మంజిష్ఠ, పటిక అని రాస్తే ఎవరు ఏం ఎత్తుకుపోతారు? ఆ రెండు పేర్లు తెలిసినంత మాత్రాన ఆ ఎరుపు రాదని కుండ ముందు కూర్చున్న ఎవరైనా చెప్తారు. రీలు చిన్నది, చోటు లేదు అనేది మూడో మాట. వంద మీటర్ల రీలులో ఉండే దారం మూడున్నర గ్రాములే, నిజంగానే చిన్నది, కానీ ఆ చిన్నదాని మీదే ప్రకృతి ఒడి, భూమాత రంగులు, తరతరాల వారసత్వం అని అంత పెద్ద అక్షరాలు పట్టాయి కదా. లేదంటే రీలు మధ్య బోలుగా ఉన్న చోట చిన్న చీటీ చుట్టి దూర్చండి.

కొంటూనే ఉంటాను, అది వేరే చెప్పక్కర్లేదు. ఈ ఉత్తరం రాస్తూ మధ్యలో లేచి మీ మంజిష్ఠ దారంతోనే ఒక కాజా కుట్టొచ్చా, చేత్తో, తేనెమైనం రాసి. దాని మీద ఏమీ రాసి లేదు, కానీ కిటికీ అట్ట మీద చూసి ఉన్నా కాబట్టి ధైర్యంగా కుట్టా.

ఆ నల్ల రీలు ఇంకా నా డబ్బాలోనే ఉంది, ముప్పావు వంతు మిగిలింది, కోటు సగంలో ఆగింది. అది అమ్మినవాళ్లు ఇది చదువుతుంటే అందులో ఇనుము ఉందో లేదో ఒక్క ముక్క రాయండి. ఉంటే వేసిన కుట్లన్నీ విప్పేసి వేరే దారంతో మొదలుపెడతా, మీ రీలు కచ్చా కుట్లకి ఉంచుకుంటా. లేదంటే తెగుతున్నది ఇంకెందుకో వెతుక్కుంటా, మళ్లీ మిషన్ విప్పుతా.

ఇట్లు,
మీ దారంతో కుట్టే మనిషి